గడి ముందు నా బూట్లు

యుద్ధానికి వెళ్లి ప్రాణాలతో తిరిగొచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. యుద్ధమంతా పరువుగా గడిపి, తీరా సొంత ఊళ్లో కాలు పెట్టిన పూటే ఆ పరువును పట్టపగలు తన చేతులతో తానే తీసుకున్నవాణ్ని మాత్రం నేనొక్కణ్నే అయి ఉంటాను. బాంబులు పడినప్పుడు కూడా నేను అంత తొందరగా వంగలేదు. ఎలా వంగానో చెబుతాను, మీరు హాయిగా నవ్వుకోండి. మా ఊరు ఎప్పుడో తనివితీరా నవ్వింది కనుక నాకిది కొత్తేమీ కాదు.

మాది స్టేషన్ ఘన్‌పూర్‌కు రెండు కోసుల దూరంలో ఉన్న పల్లె. మా నాయిన నర్సయ్య చెప్పులు కుట్టేవాడు. ఊరందరికీ కుట్టేవాడు, దొరకు మాత్రం కూలి లేకుండా కుట్టేవాడు. దొర ఉండే పెద్ద మేడను గడి అంటారు. ఆ గడి ముందు నుంచి పోవాలంటే ఎంతటివాడైనా చెప్పులు విప్పి చంకలో పెట్టుకోవాలి, తలగుడ్డ తీసెయ్యాలి. లోపలి నుంచి ఎవరైనా గద్దిస్తే అక్కడే వంగి, "నీ బాంచెన్ దొరా, కాల్మొక్త" అనాలి. చెప్పులు కుట్టే మా నాయిన, తాను కుట్టిన చెప్పుల్ని కాళ్లకన్నా చంకలోనే ఎక్కువ మోశాడు. నేను కూడా నడక వచ్చిన నాటి నుంచి అలాగే పోయాను. అప్పుడు నా పేరు ఎల్లిగాడు.

వెట్టికి ఎదురు చెప్పి దెబ్బలు తిన్నాక, ఒక తెల్లవారుజామున రైలెక్కి పారిపోయి పటాలంలో చేరాను. తుపాకీ ఇస్తారనుకున్నాను, గరిటె ఇచ్చారు. ఆ గరిటెతోనే ఈజిప్టు చూశాను, ఇటలీ చూశాను. యుద్ధం అయిపోయినా మా పటాలం తెల్లదొరలకు నా పప్పు మీద మోజు తీరక, బస్రాలో కూర్చోబెట్టి ఇంకొంతకాలం వండించుకున్నారు.

చివరికి ఇంటికి పొమ్మన్నారు. బొంబాయికి వచ్చే ఓడ మీద అందరూ పాటలు పాడుతున్నారు. నేను మాత్రం ఒకసారి నవ్వుతున్నాను, ఇంకోసారి కళ్లు తుడుచుకుంటున్నాను. కన్న అవ్వనూ నాయిననూ చూడాలని ప్రాణం కొట్టుకుంటోంది. కానీ ఇటలీలో ఒక చిన్న ఊళ్లో బూట్లు కుట్టే ముసలాయన నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, తాను కింద కూర్చుని, తన చేతులతో నా కాళ్లకు బూట్లు తొడిగాడు. నోరు తిరగక నన్ను "ఎలాయో" అనేవాడు. పేరు వంకరపోయినా అందులో 'గాడు' లేదు. ఆ కుర్చీని వదిలి మళ్లీ ఎల్లిగాణ్ని అవడానికేనా ఇంత సముద్రం దాటి పోతున్నాను? ఇల్లు దగ్గరవుతున్న కొద్దీ సంతోషం పెరిగింది, దాంతోపాటే భయమూ పెరిగింది.

అందుకని ఓడ మీదే ప్రతిజ్ఞ చేశాను. ఈ బూట్లతో, టక్కుటక్కుమంటూ, గడి ముందు నుంచి నడుస్తాను. దొర చంపితే చంపనీ! ఈ ప్రతిజ్ఞను ఓడలో వినేవాడు దొరికితే చాలు చెప్పాను, వినని వాళ్లకు రెండుసార్లు చెప్పాను.

ఘన్‌పూర్‌లో రైలు దిగేసరికి మా పెదనాయిన కొడుకు ఉప్పలయ్య, బండి కట్టుకుని దీపాల గ్యాస్‌నూనె కోసం వచ్చి ఉన్నాడు. నన్ను చూసి ఎగిరి గంతేశాడు.

"అన్నా! నువ్వేనా? మంచిగున్నవా? మనూర్ల ఏమైందో ఎరికేనా?"

"ఊరి ముచ్చట తర్వాతరా. ముందుగాల ఈ బూట్లు చూడు."

"చూసిన గని, అన్నా, గడి..."

"గడి పేరే తియ్యకు! ఇయ్యాల గడి ముంగట బూట్లేస్కొనే నడుస్త. నువ్వేం పరేషాన్ గాకు."

"నాకేం పరేషానే? గడిల ఇప్పుడు..."

"జర ఆగరా! ఇటలీల జనం రాజునే దించిండ్రు, ఎరికేనా? గా ముచ్చట చెప్త ఇను."

పాపం, రెండు కోసులూ విన్నాడు. నోరు తెరిచినప్పుడల్లా నేను ఒక ఊరి పేరు చెప్పి మూయించాను. చివరికి వాడు ఎద్దుల తోకలు మెలిపెట్టి, "సరే అన్నా, నువ్వే చూస్తవు తియ్యి" అని ఒక నవ్వు నవ్వాడు. దాన్ని నేను గౌరవం అనుకున్నాను!

గడి కనబడగానే బండి దిగాను. అంగీ సర్దుకున్నాను, టోపీ సర్దుకున్నాను, రొమ్ము విరుచుకుని నడిచాను. గడి అరుగు మీద చాలామంది జనం ఉన్నారు, కొందరి చేతుల్లో కర్రలు, వడిసెలలు. దొర మనుషులు మునుపటికన్నా పెరిగారనుకున్నాను. అయినా ఆగలేదు. ఎండ కళ్లల్లో కొడుతోంది. ఇంకో పది అడుగులేస్తే ప్రతిజ్ఞ నెరవేరినట్టే.

అప్పుడు గడి దర్వాజా దగ్గర నుంచి ఒక గొంతు ఉరిమింది.

"ఎవడ్రా గది? ఆగు!"

అయ్యా, ఆ తర్వాత జరిగిన దాంట్లో నా ప్రమేయం లేదు. చేతులు నన్ను అడగలేదు, నడుము నన్ను అడగలేదు. పటాలంలో బూట్లు విప్పడానికి తోటివాణ్ని పిలిచేవాణ్ని, అలాంటిది ఆ లేసులు ఎప్పుడు ఊడాయో తెలియదు. బూట్లు చంకలో ఉన్నాయి, టోపీ నడుములో ఉంది, తల మోకాళ్ల దగ్గర ఉంది. నోరు దానంతటదే తెరుచుకుంది.

"నీ బాంచెన్ దొరా, కాల్మొక్త!"

అరుగు మీద నుంచి ఒక ఆడగొంతు కిసుక్కుమంది. అది నా చెల్లెలు యాకమ్మది.

"ఓ నాయినా! నీ కొడుకొచ్చిండే! నిన్ను దొర అంటుండు!"

తలెత్తాను. గడి దర్వాజాలో, చేతిలో గుతపకర్ర, తలకు రుమాలు, కాళ్లకు చెప్పులు, మా నాయిన నిలబడి ఉన్నాడు.

ఇంత దూరం వచ్చి నేను విననిది అప్పుడు విన్నాను. ఊళ్లో వెట్టికి ఎదురు తిరిగి సంఘం లేచింది. దొర పట్నానికి పారిపోయాడు. గడిలో మగ్గిన ధాన్యాన్ని ఊరంతా పంచుకుంటోంది. దొర పోలీసుల్ని వెంటేసుకుని వస్తాడేమోనని మనిషికి ఒక పూట కాపలా. ఆ పూట వంతు మా నాయినది. ఖాకీ బట్టలు కనబడ్డాయి, ఆపాడు. నాకేమో ఆ గొంతు పోల్చుకోవడం చేతకాలేదు. ఎలా చేతనవుతుంది? మా నాయిన గొంతెత్తగా నేను పుట్టి ఎన్నడూ వినలేదు. అంత గొంతు ఆయనలో ఉందనే నాకు తెలియదు. నవ్వులపాలై నేల మీద కూలబడ్డా సరే, ఆ గొంతు నా తండ్రిదని తెలిసి నా ఒళ్లు గర్వంతో పొంగిపోయింది.

అయినా పరువు కాపాడుకోవాలి కదా. దులుపుకుని లేచి, "ఏంది నవ్వుతరు? కన్నతండ్రి కాళ్లు మొక్కిన. తప్పా?" అన్నాను.

"తండ్రి కాళ్లు మొక్కెటోడు బూట్లు చంకల వెట్టుకుంటడా అన్నా?" అంది యాకమ్మ.

"నేను చెప్పబోతె ఇన్నడా? ఇటలీ రాజు ముచ్చటే చెప్పవట్టె!" అన్నాడు ఉప్పలయ్య. అరుగు మీదున్న మా అవ్వతో సహా ముసలమ్మలందరూ కడుపులు పట్టుకున్నారు.

నాయిన ఒక్కడే నవ్వలేదు. దగ్గరికొచ్చి నా భుజం పట్టుకున్నాడు.

"బిడ్డా, మల్ల పో. గా మూలమలుపు కాడికి పోయి, బూట్లేస్కొని మల్ల నడ్వు."

"ఇప్పుడెందుకే నాయినా? దొర లేడు గద."

"దొర లేడు గని, నీ నడుముల ఇంక ఉన్నడు. పో."

పోయాను. తొందరలో విప్పిన లేసులు చిక్కుపడి ఎంతకీ రావు. ఊరంతా ఓపిగ్గా ఎదురు చూస్తోంది, సాయంగా సలహాలు కూడా ఇస్తోంది. ఎలాగో కట్టుకుని మళ్లీ నడిచాను. దర్వాజా దగ్గర నుంచి నాయిన అదే గొంతుతో ఉరిమాడు.

"ఎవడ్రా గది?"

నడుము వంగబోయింది, దాచను. కానీ వంగనివ్వలేదు.

"నేను! చెప్పులు కుట్టే నర్సయ్య కొడుకును! ఎల్లయ్యను!"

"అయితే రా బిడ్డా" అన్నాడు నాయిన, గుతపకర్ర పక్కకు తీసి దారిచ్చి.

ఆ తర్వాత మా ఊరు చాలా చూసింది, అవన్నీ నవ్వే సంగతులు కావు. కానీ ఇప్పటికీ ఎవరైనా వచ్చి, ఈ గడి ముందు ఆఖరిసారి చెప్పులు చంకలో పెట్టుకున్నది ఎవరని అడిగితే, మా ఊరి ముసలీ ముతకా గర్వంగా నన్నే చూపిస్తారు. దొర పారిపోయాక కూడా ఆయనకు మొక్కిన ఘనుణ్ని మరి! అందుకే కుడిచేయి ఎత్తి, పంచభూతాల సాక్షిగా ఒట్టు పెడుతున్నాను: ఇకమీదట ఎవరికి దండం పెట్టినా, ముందు తలెత్తి ముఖం చూసిన తర్వాతే పెడతాను.