హాదీ మాస్టారి కాలు

గాబెస్ విశ్వవిద్యాలయంలో మట్టి శాస్త్రం చెప్పే హాదీ మాస్టారు చిటికెడు మట్టి నాలుక మీద వేసుకోనిదే ఏ నేల గురించీ నోరు విప్పడు. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే మాత్రం కళ్లజోడు తీసి తుడుచుకుంటూ ఉంటాడు. ఎండిపోతున్న దానిమ్మ తోటలను బతికించమని విశ్వవిద్యాలయం ఆయనను కోరి, చరిత్ర చెప్పే జుహైరాను జతచేసింది.

"ఇక్కడ పూర్వం భూమిలోపల కాలువ ఉండేది మాస్టారూ," అందావిడ తోటలో నడుస్తూ.

"కథలు చెబితే చెట్లు చిగురించవమ్మా," అని జోడు తుడుచుకుంటూ రెండడుగులు వేశాడాయన. కాలికింది నేల గుల్లలా విరిగి మోకాలిదాకా దిగబడ్డాడు. రైతులు పరుగున వచ్చి చంకల కింద చేతులు వేశారు.

"ఆగండయ్యా, లాగకండి. పాదానికి తడి తగులుతోంది," అంటూ ఆయన జుహైరా వైపు తిరిగాడు. "చెప్పమ్మా, ఈ కాలువ ఎటు పోయేది?"