నార్మల్ ట్యూబులో నా రక్తం

రిటైర్మెంటుకు మూడేళ్ల ముందు నన్ను విజయవాడ ల్యాబ్ నుంచి చల్లపల్లి తలసేమియా క్యాంపుకు సీనియర్ టెక్నీషియన్‌గా వేశారు. తలసేమియా తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తదోషం. ఒక్కరి నుంచే వస్తే మనిషి మామూలుగానే తిరుగుతాడు. అతన్ని క్యారియర్ అంటాం. ఇద్దరి నుంచీ వస్తే బిడ్డకు జీవితాంతం రక్తం ఎక్కిస్తూ ఉండాలి. మేనరికాలున్న ఇళ్లలో ఈ భయం ఎక్కువ. అందుకే పెళ్లి అనుకున్న జంటలకు పరీక్ష చేసేవాళ్లం.

పలచటి ఉప్పునీటిలో చుక్క రక్తం కలిపి, అరగంట ఆగి, ట్యూబు వెనక నల్లగీత గీసిన కాగితం పెడతాం. మామూలు రక్తకణాలు ఆ నీటిలో పగిలి నీరు తేటపడుతుంది, క్యారియర్ కణాలు అంత తేలిగ్గా పగలవు. గీత కనిపిస్తే నార్మల్, కనిపించకపోతే క్యారియరని అనుమానం. పోల్చి చూడటానికి ఒక నార్మల్ రక్తం కావాలి. షుగరు లేదు, బీపీ లేదు, నాకంటే నార్మల్ ఎవరుంటారని నా రక్తమే తీయించుకున్నాను. గీత కనిపించలేదు. ఉప్పునీరు చిక్కగా పంపారని స్టోర్సు వాళ్లను తిట్టుకుని, నా గీత కనిపించేదాకా డిస్టిల్డ్ వాటర్ కలిపాను. ఇక ఆ నీటిలో ఆ రోజు వచ్చినవాళ్లంతా నార్మలే. ఊరి ఆరోగ్యం చూసి నాకెంతో ముచ్చటేసింది.

వాళ్లలో పద్మ, ఆమె మేనత్త కొడుకు రవి ఉన్నారు. నేను రాసిచ్చిన నార్మల్ చీటీ చూసుకుని పెద్దలు ముహూర్తం పెట్టారు, శుభలేఖలు పంచారు.

రెండు వారాలకు మా పెథాలజిస్టు మేడం క్యాంపు శాంపిళ్లను విజయవాడలో, కచ్చితంగా తేల్చే మెషిన్ మీద వేయించారు. నన్ను పిలిచి, "ఈ నార్మల్ ఎవరిదండీ?" అన్నారు.

"నాదేనండీ మేడం," అన్నాను, కాస్త గొప్పగానే.

నేను క్యారియర్ని. పద్మ, రవి కూడా.

చెప్పి రావాల్సింది నేనే. అంత సిగ్గు నా సర్వీసులో మరెప్పుడూ పడలేదు. జరిగింది దాచకుండా చెప్పాను. పెద్దవాళ్లు తలా ఒక మాట అన్నారు, పడ్డాను. పద్మ మాత్రం, మీదీ మేనరికమేనా అని అడిగింది. అవునన్నాను.

"మరి మీ ఆవిడకి టెస్టు చేయించారా అండీ?"

చేయించలేదు. ఇరవై ఎనిమిదేళ్ల కాపురం, ఇద్దరు పిల్లలు, పని చేసేది రక్తం ల్యాబులో. మర్నాడే చేయించాను. ఆవిడ నార్మల్, నీళ్లు కలపని నార్మల్.

పద్మ, రవి పెళ్లి ఆగిపోయింది. మొదటిరోజే సరిగ్గా చెప్పి ఉంటే ఆ రెండిళ్లవాళ్లూ పంచిన శుభలేఖలకు ఇంటింటికీ వెళ్లి సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చేది కాదు.

ఆ తర్వాత మెషిన్ మీద చూడని రక్తాన్ని నార్మల్ ట్యూబులో వేయలేదు. గీత కనిపించనప్పుడు నీళ్లు కలపడం మానేసి, ఆ ట్యూబు ఎవరిదో చూడటం నేర్చుకున్నాను.