మబ్బు వెనక కొండ

తొంభైల చివర్లో, ఒక మే నెల మధ్యాహ్నం. మేడ్చల్ బస్టాండులో రెండు గంటలుగా బస్సు కోసం ఎదురుచూసి అలిసిపోయి, చేతిలో ఉన్న పర్యాటక పుస్తకం తిరగేస్తున్నాను. అరుణాచల్ కొండలు, వాటి కింద ఎప్పుడూ తడిగా ఉండే అడవులు. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా వెళ్లవచ్చని, వానాకాలంలో కొండచరియలు విరిగిపడతాయి కాబట్టి వెళ్లవద్దని రాసి ఉంది.

పక్కన కూర్చున్న నడివయసు ఆమె బొమ్మలు చూసి, "గది ఏ ఊరు సారూ?" అంది. చెప్పాను.

"నేను, మా ఇంటాయన గాడికి రోడ్డు పనికి వోయినం. కొండ ఇరిగిపడితే మట్టి తీసుడు మా పని. గందుకే వానలల్లనే తీస్కపోతుండిరి."

"కొండలు బాగుంటాయా?" అని అడిగాను.

"ఏడ కనవడ్డయి సారూ, అంతా మబ్బే. మూడో ఏడు మా ఇంటాయన మీదనే ఇరిగిపడ్డది. మనిషి దొరకలే."

ఆమె పుస్తకం తీసుకుని, నీలాకాశం కింద నిలబడ్డ కొండ బొమ్మను చాలాసేపు చూసింది.

"గీ కొండ కిందనేనా మేమున్నది," అంది మెల్లగా.

షామీర్‌పేట బస్సు రాగానే పుస్తకం నా ఒళ్లో పెట్టి వెళ్లిపోయింది. పేరైనా అడగలేదు నేను.

కొన్నేళ్లకు, ఒక నవంబరులో, అక్కడికి వెళ్లాను. ఆకాశం తేటగా ఉంది. జీపులో అందరూ మంచుకొండలు చూస్తున్నారు. ఒక మలుపు దగ్గర నేను ఆపమని చెప్పి దిగి, ఆ నున్నటి రోడ్డు మీద కొంతదూరం నడిచాను.