అమ్మ ప్లాస్టిక్ డబ్బాలన్నీ బయట పడేసిన వానాకాలం

మా చిన్నప్పుడు నెయ్యి అంటే తమ్ముడికే... వాడు నడక వచ్చీరాని పిల్లాడు, గట్టిగా పట్టుకుంటే పక్కటెముకలు చేతికి తగిలేవి. అమ్మమ్మ పంపిన నెయ్యి గడ్డకట్టి ఉంటే అమ్మ కరగబెట్టి, గోరువెచ్చగా ఉండగానే ఒక తెల్లటి ప్లాస్టిక్ సీసాలో పోసింది. ఆ మధ్యాహ్నం అందులోంచే ఇంత వేసి, మెత్తగా పిసికి, వాడికి అన్నం పెట్టింది.

నాన్న రైల్వేలో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. రాయగడ దగ్గర్లో ఓ చిన్న స్టేషన్, పట్టాల పక్కనే మా క్వార్టరు. గూడ్సు పోతుంటే గోడలు అదిరేవి. శ్రీకాకుళం నుంచి తెచ్చుకున్న జాడీలు ఆ అదురుకే ఒక్కొక్కటీ కిందపడి పగిలాయి... అందుకే అమ్మకి ప్లాస్టిక్ అంటే అంత మోజు. పాత బట్టలు తీసుకుని రంగురంగుల డబ్బాలిచ్చే ఆమె వచ్చిందంటే పండగే.

ఆ తెల్ల సీసా మాత్రం సంతలో, పాత సామాన్ల దగ్గర కొన్నది. అంతకుముందు అందులో ఏముండేదో అమ్మినవాడు చెప్పలేదు. అమ్మ బూడిదతో తోమింది, చింతపండు వేసి రుద్దింది, ఉడుకు నీళ్లతో కడిగింది. తళతళలాడింది.

అన్నం తిన్న కాసేపటికే తమ్ముడి నోట్లోంచి చొంగ ధారగా కారడం మొదలైంది. కక్కుకున్నాడు. ఒళ్లంతా చెమట. కాళ్లూ చేతులూ ఎగిరెగిరి పడుతున్నాయి...

అమ్మ వాడిని ఒళ్లో వేసుకుని నా వైపు చూసింది. "అమ్మీ, నాన్నని పిలుసుకురా. పరిగెట్టు. గుంటడు కళ్లు తేలేత్తన్నాడు."

నేను నాన్నతో తిరిగొచ్చేసరికి అమ్మ ఆ సీసా మూత తీసి వాసన చూస్తోంది. నెయ్యి వాసన కింద ఇంకేదో ఘాటు... సీసాని కొంగులో ముడేసుకుని లేచింది.

బయట ఎడతెగని వాన. రోడ్డు మీద కల్వర్టు కొట్టుకుపోయి బస్సులు లేవు. ప్యాసింజరు సాయంత్రానికి గానీ రాదు. నాన్న స్టేషన్ మాస్టారి బల్ల ముందు నిలబడి చేతులు జోడించాడు.

"బాబూ, రాయగడ పోయే గూడ్సు ఒక్కసారి ఆపించండి. మా గుంటడు సచ్చిపోతన్నాడు."

మాస్టారు బళ్లు నడిపించే కంట్రోలు ఆఫీసుకి ఫోన్ తిప్పుతూనే ఉన్నారు. అవతల ఎవరూ ఎత్తలేదు. చివరికి ఫోన్ పెట్టేసి, "సిగ్నల్ ఇవ్వకు. ఆగుతుంది. తర్వాత నేను చెప్పుకుంటాను," అన్నారు.

అలా గూడ్సు ఆగింది... మేం చివర గార్డు పెట్టెలో ఎక్కాం. గార్డు తాత తన కోటు తీసి తమ్ముడి మీద కప్పాడు. "తల ఓ పక్కకి తిప్పి పట్టుకో తల్లీ. కక్కు గొంతుకి అడ్డం పడిపోద్ది," అన్నాడు. అమ్మ అలాగే పట్టుకుంది. "నానే పెట్టేను... నా సేత్తోనే పెట్టేను..." ఆ మాట తప్ప అమ్మ నోట ఇంకో మాట లేదు.

రాయగడ కనిపిస్తుండగా బండి ఆగిపోయింది. స్టేషన్‌కి బయటుండే ఔటర్ సిగ్నల్ పడలేదు. ఎంతసేపు చూసినా ఆ ఎర్ర దీపం మారలేదు... తమ్ముడి ఊపిరి గరగరమంటోంది. నాన్న ఇక ఆగలేకపోయాడు. వాడిని భుజాన వేసుకుని కంకర మీదికి దూకి, వానలో పట్టాల వెంట పరిగెత్తాడు. వెనకాల అమ్మ, అమ్మ వెనకాల నేను. చెప్పులు ఎక్కడ పోయాయో తెలియదు.

ఆసుపత్రిలో పార్వతీపురం వైపు నర్సమ్మ ఒకావిడ వాడి కళ్లు విప్పి చూసింది. కంటిపాపలు ఆవగింజలంత అయిపోయాయి. "ఏటి తిన్నాడమ్మా?" అనడిగింది. అమ్మ కొంగు విప్పి సీసా చేతిలో పెట్టింది. ఆవిడ వాసన చూసి డాక్టరుగారికి అందించి, అమ్మ వైపు తిరిగింది.

"ఇది పురుగుల మందు డబ్బా అమ్మా. ఎన్నిసార్లు కడిగినా పోదు. ప్లాస్టిక్కు పీల్చేసుకుంటాది."

సూది మీద సూది వేశారు. తెల్లారేక వాడు అమ్మ వేలు పట్టుకుని ఏడ్చాడు... ఆ ఏడుపు విని నాన్న వరండాలో గోడకి చేరగిలబడి కూలబడిపోయాడు.

ఇంటికొచ్చిన రోజే అమ్మ ప్లాస్టిక్ అన్నదల్లా బయట పడేసింది. పప్పుల డబ్బాలు, ఉప్పు డబ్బా, నేను బడికి పట్టుకెళ్లే అన్నం డబ్బా కూడా.

"ఇయి కొత్తయి కదే. ఇయేటి సేసేయి?" అన్నాడు నాన్న.

"నాకు తెల్దు. ఇంకేటీ సెప్పకు. గాజుకైతే ఏదీ అంటదు, కడిగితే పోద్ది."

కానీ గాజు సీసాలు మాకెక్కడివి... వానాకాలమంతా పప్పులు కాగితాల్లో చెమ్మపట్టి ముక్కిపోయాయి. అమ్మ గడపగడపకీ వెళ్లి ఖాళీ సీసాలు అడిగింది. "పిల్లాడి బెంగతో మతి పోయింది," అన్నారు కొందరు. మాస్టారి భార్య పాలపొడి సీసాలిచ్చింది. టీ కొట్టాయన అంచు విరిగిన బిస్కట్ల జాడీ ఇచ్చాడు. అలమార నిండింది. సీసాకీ సీసాకీ మధ్య పాత చీర ముక్కలు దోపింది.

అయినా ఒకరోజు గూడ్సు అదురుకి కందిపప్పు సీసా జారి పగిలింది. ఆసుపత్రిలో ఒక్క చుక్క రాల్చని అమ్మ ఆ గాజుపెంకుల మధ్య కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. నాన్న పెంకులు ఎత్తి, అలమారకి అడ్డంగా వెదురు బద్ద కొట్టాడు.

ఆ తర్వాత అమ్మ ఏది వండినా ముందు తనే ఒక ముద్ద తినేది. కాసేపు ఊరికే కూర్చునేది. తనకేమీ కాలేదని తెలిశాకే మాకు పెట్టేది... అన్నం చల్లారిపోయిందని మేం విసుక్కునేవాళ్లం. తమ్ముడికి మీసాలొచ్చాక కూడా అమ్మ అది మానలేదు.

ఇప్పుడు హోటళ్ల నుంచి కూరలు పొగలు కక్కుతూ ప్లాస్టిక్ డబ్బాల్లోనే గుమ్మంలోకి వస్తున్నాయి. మూత తీసి తినేస్తున్నాం... మనకంటే ముందు ఆ ముద్ద నోట్లో పెట్టుకుని చూసేవాళ్లు లేరు. మీ ఇంట్లో అలా చూసినవాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్ల గురించి ఇక్కడ రాయండి... చదవాలని ఉంది.