తీర్పుల మేస్త్రీ

అచ్చాఫీసులో అందరూ ఆయన్ని, ఆయన చెవిన పడకుండా, తీర్పుల మేస్త్రీ అనేవారు. ఆయన బైండింగ్ విభాగానికి పెద్ద. పనికోసం ఎవరొచ్చినా చేతులు చూసేవాడు కాదు, ముందు ఏ జాతివాళ్ళో అడిగేవాడు.

"కొండవాళ్ళా? పనిదొంగలు." ఎప్పుడో ఒక కొండమనిషి కాగితపు కట్టల మీద కునుకు తీస్తూ దొరికాడు మరి! "దీవులవాళ్ళా? నోటి దురుసు." ఒక దీవి మనిషి ఆయనకి ఎదురు చెప్పాడు. చెప్పింది నిజమేననుకోండి. జాతికి ఒక్క సాక్షి, విచారణ లేకుండానే తీర్పు.

ఇంట్లోనూ అదే పాట. "అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి కుండంతా పిసకాలా? ఒక్క మెతుకు చాలదూ?"

"మెతుకులన్నీ ఒకే నీళ్ళలో ఉడుకుతాయండీ. మనుషులు అలా ఉడుకుతారా?" అనేది భార్య. చెవిటివాడి ముందు శంఖమే.

ఒకసారి పుస్తకాలు కుట్టే కొత్త యంత్రం పని నేర్చుకురమ్మని యజమాని ఆయన్ని దూరాన ఉన్న రేవుపట్నానికి పంపాడు. ఒక ముసలావిడ ఇంట్లో బస. మొదటి పొద్దునే ఒంటినిండా సబ్బు రుద్దుకుని ఉండగా కొళాయి ఆగిపోయింది.

"అమ్మా! నీళ్ళు రావట్లేదు!"

"బయట నుంచి నేనే కట్టేశా," అంది ఆవిడ తలుపవతల నుంచి. "మీవాళ్ళకి కొళాయి కట్టే అలవాటు లేదుగా. ఇదివరకు మీవాడొకడు దిగి, తిప్పి వదిలేసి పోయాడు. కింద గది చెరువైంది."

"వాడెవడో నాకేం తెలుసమ్మా? నేనలాంటివాణ్ణి కాదు!"

"వాడూ అదే అన్నాడు."

ఉన్నన్నాళ్ళూ ఆవిడ తలుపు దగ్గరే కాపలా కాసింది. "అయిందా? ఇంకా అవలేదా?" కళ్ళలో సబ్బు మంట, ఒంట్లో రోషం. అంతటి మేస్త్రీ చెంబెడు నీళ్ళకి బతిమాలుకున్నాడు. ఒకరోజు నిజంగానే ఏడుపొచ్చింది. సబ్బు వల్లేనని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

బుద్ధొచ్చిందనుకుంటున్నారా? కుక్కతోక గొట్టంలో ఉన్నంతసేపే తిన్నగా ఉంటుంది. ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా మొదలుపెట్టాడు.

"ఆ పట్నంవాళ్ళున్నారే, ఒట్టి అనుమానపు పీనుగులు! ఒక్కణ్ణి చూసి అందర్నీ కొలిచేస్తారు!"

"ఎంతమందితో మాట్లాడారేంటి?"

"ఆ ముసల్దాన్ని చూశాగా!"

భార్య పొట్ట పట్టుకుని నవ్వింది. ఎందుకు నవ్విందో ఆయనకి తెలీలేదు. కోపం మాత్రం వచ్చింది.

కొన్నాళ్ళకి ఆ రేవుపట్నం నుంచే ఒకామె బైండింగ్ పనికోసం వచ్చింది. ఊరి పేరు వినగానే మేస్త్రీ మొహం తిప్పుకున్నాడు. "మీవాళ్ళతో మాకు పడదు. వెళ్ళమ్మా."

పక్కగదిలో ఉన్న యజమాని బయటికొచ్చి ఆమెని ఆపాడు. కొత్త యంత్రం దగ్గర కూర్చోబెట్టి, ఒక పుస్తకం కుట్టించి చూసి, పనిలోకి తీసుకున్నాడు. తర్వాత మేస్త్రీతో నెమ్మదిగానే అన్నాడు: "ఇకమీదట మనుషుల్ని నేను చూసుకుంటా. మీరు పుస్తకాలు చూసుకోండి."

మేస్త్రీ ఆ పూటంతా పుస్తకాల అంచులు కోస్తూ కూర్చున్నాడు. ఆలోచించి ఆలోచించి ఆయన తేల్చుకున్నది ఒక్కటే: యజమానుల జాతే అంత.