ఊళ్లోనా, పల్లెలోనా?

అశోక్ నగర్‌లో మేం కిరాయికున్న ఇంట్లో ఏ దేవుడి పటమూ ఉండేది కాదు. కింద వాటాలో ఉండే ఓనరు గారు కొన్నాళ్లు చూసి, ఇక ఉండబట్టలేక మా నాన్నని అడిగేశాడు. "సార్, మీరేమన్న కమ్యూనిస్టులా?" నాన్న అవుననీ కాదనీ అనకుండా నవ్వి ఊరుకున్నాడు. కమ్యూనిస్టుకైతే ఇల్లు కిరాయికి దొరుకుతుంది. అసలు సంగతి చెప్పి చూసే ఓపిక ఆయనకి లేదు.

అసలు సంగతేమిటంటే మేం కతోలికులం. గుంటూరు జిల్లాలో ఒక ఊరికి అవతల, మాలమాదిగలుండే పల్లెలో మా తాత ఉపదేశిగా ఉండేవాడు. ఫాదర్ రాని రోజుల్లో పిల్లలకి జపాలు నేర్పడం, చావుకి దగ్గరైన వాళ్ల మంచం పక్కన కూర్చుని ప్రార్థన చెప్పడం ఆయన పని. ఊళ్లో పొలాలున్న కులాలవాళ్లూ కతోలికులే, పల్లెలో మేమూ కతోలికులమే. గుడి ఒకటే, మరియమాత ఒకటే. ఏటా పండక్కి ఆ తల్లిని తేరు మీద కూర్చోబెట్టి ఊరంతా తిప్పేవాళ్లు. తేరు పల్లె మొదటిదాకా వచ్చి, అక్కణ్నుంచి వెనక్కి తిరిగేది. ఒక ఏడాది తాత చేతులు కట్టుకుని, తేరు లోపలికి కూడా తెమ్మని అడిగాడు. "తల్లిని చూడాలంటే మీరే ఇక్కడికి రండి" అన్నారట. అడిగిన పాపానికి ఉపదేశి పని కూడా ఊడింది. అప్పటికి కాలేజీలో చదువుతున్న నాన్న ఇంక గుడి మెట్టెక్కలేదు.

హైదరాబాద్‌లో ఉద్యోగమొచ్చి, పెళ్లయి, నేను పుట్టాక అమ్మ నాకు జ్ఞానస్నానం మాత్రం చేయించింది. తర్వాత మొగుడితో పడలేక తనూ గుడికి పోవడం మానేసింది. తొంభై ఒకటిలో అమ్మ పోతే నారాయణగూడలో సమాధి చేశాం. మేమెవరమో తెలియని నలుగురు ఆడవాళ్లు పక్క సమాధి దగ్గర్నుంచి లేచొచ్చి, అమ్మ కోసం పాట పాడి వెళ్లారు. నాకు ముప్పై దాటాయి, చిక్కడపల్లిలో ఒక బ్యాంకులో గుమస్తాని, ఎవరి ముందూ ఏడ్చే అలవాటు లేనిదాన్ని. ఆ రోజు ఏడ్చాను. తర్వాతి ఆదివారం నుంచి అక్కడికి దగ్గర్లోని గుడికి పోవడం మొదలుపెట్టాను.

నాన్న వద్దనలేదు. "కడుపులో లేనిది కౌగిలించుకుంటే వస్తుందా?" అన్నాడు. నా గురించి అన్నాడో వాళ్ల గురించి అన్నాడో నేను అడగలేదు. ఆయన మాట తప్పని చూపించాలని మాత్రం పట్టుదల పుట్టింది. ఇది ఊరు కాదు, హైదరాబాద్, ఇక్కడి గుడిలో ఎవరూ ఎవర్నీ ఏమీ అడగరని ఆయన కళ్లారా చూడాలి. పోయేలోపు ఒక్కసారైనా వచ్చి నా పక్కన మోకరించాలి. నా కోరికంతా అదే.

గుడిలో నన్ను చేరదీసింది బాగ్ లింగంపల్లిలో ఉండే ఒక పెద్దావిడ. ఆవిడదీ గుంటూరు వైపే. మర్చిపోయిన జపాలన్నీ మళ్లీ నేర్పింది. ఎన్నో ఏళ్ల తర్వాత ఫాదర్‌కి పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్లడానికి భయపడుతుంటే వెంట వచ్చి గది బయట నిలబడింది. "మన అమ్మాయి" అని అందరికీ చూపించేది. నాకు భద్రమైన అభ్యంగనం కాలేదని తెలిసి ముక్కున వేలేసుకుంది. అది పసితనంలో జ్ఞానస్నానం పొందినవాళ్లు ఎదిగాక, బిషప్ గారి చేత నుదుట తైలం పెట్టించుకునే సంస్కారం. పెట్టేటప్పుడు వెనక జ్ఞానమాతగానో జ్ఞానపితగానో ఒకరు నిలబడి కుడిచెయ్యి భుజం మీద వెయ్యాలి. ఈ పిల్లకి పూచీ నాది అని ఆ చెయ్యికి అర్థం. "నేనుండగా నీకింకెవరే? నేనే నిలబడతా" అంది.

ఆ సంతోషంలో గుడికి రమ్మని నాన్న ప్రాణం తోడేశాను. చివరికి విసుగెత్తి ఒక ఆదివారం వచ్చాడు. చివరి బల్ల మీద నాతో పాటు బిగుసుకుని కూర్చున్నాడు. బలిపూజ తెలుగులో జరుగుతోంది, జనమంతా తెలుగులో బదులు చెబుతున్నారు. నా పక్కన మాత్రం సన్నగా వేరే మాటలు వినిపించాయి. నాన్న లాటిన్‌లో బదులు చెబుతున్నాడు. ఆయన చిన్నప్పుడు పూజ లాటిన్‌లో ఉండేది. తాత నేర్పిన ముక్కలు ఒక్కటీ పోలేదు. నేను గెలిచాననుకున్నాను.

పూజయ్యాక ఆవిడ మా ఇద్దర్నీ భోజనానికి రమ్మంది. వేడివేడి అన్నం, గోంగూర మాంసం కొసరి కొసరి వడ్డించింది. కబుర్లలో మా ఊరి పేరు నేనే చెప్పాను, మురిసిపోతుందని. మురిసిపోయింది కూడా.

"అయ్యో, ఆ తేరు నాకు తెలియకపోవడమేంటండీ! మా పుట్టింటివాళ్లు ఏటా ఆ పండక్కి వెళ్లి తాడు పట్టేవాళ్లు. మీరు ఊళ్లోనా, పల్లెలోనా?"

నాన్న చెయ్యి కంచంలో ఆగింది. "తేరు తిరిగిపోయే చోటమ్మా" అన్నాడు.

ఆవిడ "ఓహో" అంది. పెరుగు వడ్డించింది. మాట మార్చి ఎండల గురించి మాట్లాడింది. ఏమీ జరగలేదు. నేనే ఏదో ఊహించుకున్నానని ఇంటికొచ్చేదాకా నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను.

తర్వాతి వారం గుడి ఆవరణలో నన్ను పక్కకి పిలిచింది. "మోకాళ్లు పట్టేశాయమ్మాయ్. డాక్టరు అసలు నిలబడొద్దన్నాడు. వేరే ఎవరినైనా చూసుకో" అంది. మోకాళ్లు నిజంగానే పట్టేసి ఉండొచ్చని నేను నమ్మాను. నమ్మకపోతే నాన్న గెలుస్తాడు కదా!

నాన్నకి చెప్పక తప్పలేదు. తిడతాడనుకున్నాను. "ఎవరూ లేకపోతే నేనే నిలబడతాలే" అన్నాడు. గుడి మెట్టెక్కనన్న మనిషి! ఆ మాట పట్టుకుని ఫాదర్ దగ్గరికి పరుగెత్తాను. ఆయన మంచివాడే, నొచ్చుకుంటూనే చెప్పాడు. కన్నతండ్రి నిలబడకూడదట, శ్రీసభ నియమం ఒప్పుకోదట. ఊళ్లోనా పల్లెలోనా అని అడగకూడదని కూడా ఒక నియమం రాసి ఉండాల్సింది. అది రాయడానికి రోములో ఎవరికీ తీరిక దొరికినట్టు లేదు.

అభ్యంగనం రోజు నాన్న గేటు దాకా వచ్చి, "నువ్వెళ్లు" అని బయటే ఆగిపోయాడు. లోపల వరసలో నాకు నాలుగడుగుల ముందు పెద్దావిడ నిలబడి ఉంది. మోకాళ్లకేమీ కాలేదు. ఎవరో డాక్టరు గారి అమ్మాయి భుజం మీద ఆవిడ కుడిచెయ్యి హాయిగా ఉంది. వరసలోంచి బయటికొచ్చి ఇంటికి పోదామనుకున్నాను. నా వెనక ఎవరూ లేకపోవడం చూసి ఫాదర్ బల్లల వైపు తిరిగి, ఎవరైనా నిలబడతారా అని అడిగాడు. చెల్లెలి కూతురి కోసం వచ్చిన ఒక ముషీరాబాద్ ఆవిడ చప్పున లేచింది.

"దానికేంది ఫాదర్, నేను పెడ్త చెయ్యి. పరేషాన్ గాకు అక్కా."

బరువైన, వెచ్చని చెయ్యి. బిషప్ గారు తైలం పెట్టేదాకా కదలలేదు.

బయటికొచ్చాక నాన్న అడిగాడు. "చెయ్యి ఎవరు పెట్టారమ్మా?"

"ముషీరాబాద్ ఆవిడ నాన్నా. ఎవరో తెలియదు. చాలా మంచిమనిషి."

"మీది ఏ ఊరని అడిగిందా?"

"లేదు."

"అందుకే పెట్టింది" అన్నాడు. కోపంగా కూడా అనలేదు, టైమెంతయిందో చెప్పినట్టు అన్నాడు.

ఆ క్షణాన నాన్న మీద వచ్చినంత కోపం నాకు బాగ్ లింగంపల్లి ఆవిడ మీద కూడా రాలేదు. ఈ ముషీరాబాద్ ఆమె అలాంటిది కాదని నడిరోడ్డు మీద అరవాలనిపించింది. అరవడానికి ఆమె గురించి నాకేం తెలుసు? నారాయణగూడ నుంచి చిక్కడపల్లి మీదుగా ఇంటికి నాన్న వెనకే నడిచాను. నుదుటి మీద తైలం ఇంకా ఆరలేదు. వచ్చే ఆదివారం ఆమె ఎదురైతే నన్ను ఊరి పేరు అడగకుండా చూడు తల్లీ అని మరియమాతకి మొక్కుకున్నాను. అభ్యంగనమయ్యాక నేను చేసిన మొదటి ప్రార్థన అది.