లేని చేతిలో మోకు

నా బావమరిది రేపల్లె దగ్గర చేపల పడవ మీద పనిచేసేవాడు. వల లాగే లావుపాటి మోకు కప్పీలో బిగుసుకుని అతని కుడిచెయ్యి నలిగిపోయింది. తెనాలిలో మోచేతి కిందుగా తీసేశారు. గాయం మానింది. నొప్పి మిగిలింది, అదీ లేని అరచేతిలో.

"చెయ్యి లాగుతోంది బావా" అనేవాడు. లాగడమంటే మా వైపు తీపు, సలుపు. డాక్టర్లూ అలాగే అనుకుని మాత్రలు రాశారు. ఇంట్లోవాళ్ళు కొన్నాళ్ళు జాలిపడ్డారు, తర్వాత విసుక్కున్నారు.

"లేని చెయ్యి లాగడమేంట్రా? అంతా నీ మనసులో ఉంది" అన్నారు మా అత్తగారు.

"అయితే మనసుకే కట్టు కట్టించవే అమ్మా."

మోచెయ్యి కూడా తీయించుకుంటే బాధ వదులుతుందని పట్టుబట్టాడు. ముందు బాపట్లలో నరాల డాక్టరుకి చూపిద్దామని నేనే బయల్దేరదీశాను. బస్సులో, విలేకరి అలవాటు కొద్దీ, విడమరిచి అడిగాను.

"ఎలా లాగుతోందిరా?"

"ఎలా ఏంటి బావా, మోకు లాగినట్టే. పిడికిలి బిగుసుకుపోయింది. వదిలేద్దామంటే వేళ్ళు తెరుచుకోవట్లేదు."

అప్పుడు అర్థమైంది. అతను చెబుతున్నది సలుపు గురించి కాదు. పోయిన చెయ్యి ఇంకా ఆ మోకు లాగుతూనే ఉంది.

డాక్టరుకి అదే చెప్పాం. "చెయ్యి పోయిందని మెదడు ఒప్పుకోలేదండి. నొప్పి నిజమే. కోస్తే మాత్రం పోదు" అన్నాడాయన. అద్దం ముందు ఎడమచెయ్యి పెట్టి, అందులో కనిపించేదే కుడిచెయ్యి అనుకుంటూ వేళ్ళు తెరవమన్నాడు. మావాడు కొన్నాళ్ళు చేసి అద్దం బోర్లించేశాడు.

"నన్ను నేనే మోసం చేసుకోవాలా బావా?"

'శారీరక, మానసిక వేదన' అని వార్తల్లో లెక్కలేనన్నిసార్లు రాశాను. అతని నొప్పి ఆ కామాకి ఏ పక్కన ఉందో నాకిప్పటికీ తెలియదు.

చివరికి తెనాలిలోనే కోయడానికి ఒప్పుకున్న మరో సర్జన్ దొరికాడు. నేను వద్దన్నాను. వినలేదు.

ఆపరేషన్ మర్నాడు వెళ్ళేసరికి కళ్ళు తెరిచే ఉన్నాడు. "ఇప్పుడు మోచెయ్యి కూడా లాగుతోంది బావా" అన్నాడు. అతని భార్య మంచం పక్కన కూర్చుని, చెయ్యి ఉండాల్సిన చోట దుప్పటిని నొక్కుతోంది.

"ఇక్కడా?"

"కొంచెం కిందకి."

ఆమె చెయ్యి కిందకి జరిపింది.